మౌనమని రాసుకున్న చోట

హెడ్‌ఫోన్స్ కొనడం నాకదే మొదటిసారి. కోఠిలో ఒక దుకాణం కుర్రవాడు ఒక జత చేతికిచ్చి, "బాస్ అదిరిపోద్ది మేడమ్" అంటూ సినిమా పాట పెట్టాడు. కమ్మలు తీసి, కొప్పు సడలించుకుంటే గానీ అవి తలకు కుదరలేదు. పాట నిజంగానే అదిరింది. కానీ నాకు కావలసింది మాట. హల్లుల్ని విడదీసి చూపే ధ్వనులు చాలావరకు 2,000 హెర్ట్జ్‌కు పైన ఉంటాయి. బాస్ మోత వాటిని కప్పేస్తుంది.

"నా దగ్గరున్నది పెట్టి వింటాను" అన్నాను. పరిశోధన కోసం నెల్లూరు జిల్లాలో రికార్డు చేసిన ఇంటర్వ్యూ అది. ఆమె 1992లో సారా వ్యతిరేక ఉద్యమంలో నడిచిన మనిషి. "ఇంట్లో ఏమన్నారు?" అన్న నా ప్రశ్న తర్వాత ల్యాప్‌టాప్ స్పీకర్లో ఫ్యాను చప్పుడే వినిపించేది. ఆ ఖాళీ మీద సిద్ధాంత గ్రంథంలో మూడు పేజీలు రాశాను: మాటకందని హింస, పితృస్వామ్యం నొక్కేసిన గొంతు అని. పరీక్షకులు మెచ్చుకున్న భాగం కూడా అదే.

రెండో జతకు వెనక జాలీ ఉంది. బజారు రొదంతా లోపలికొచ్చింది. మూడోది చెవిని పూర్తిగా మూసే రకం, బాస్ తక్కువ. ఫ్యాను చప్పుడు చాటునుంచి ఆమె గొంతు వచ్చింది: "కొట్టాడు. తెల్లారి మళ్లా పోయినా."

నాలుగుసార్లు విన్నాను. వసారాలో కొడుకున్నాడని గొంతు తగ్గించింది, అంతే. నా మూడు పేజీల్లో దెబ్బ ఉంది, తెల్లారి ఆమె వేసిన అడుగు లేదు.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల మాటల్ని వాళ్ల నోటనే అచ్చులోకి తెచ్చింది. నాదీ ఆ దారేననుకున్నాను. కానీ స్త్రీల మౌనాన్ని చదవడం మనకు బాగా అలవాటైన విద్య. మౌనం మన వ్యాఖ్యానానికి ఎదురు చెప్పదు, అందుకే అది అంత అనువుగా ఉంటుంది. టేపులోనైనా కథలోనైనా, అక్కడున్నది మౌనమేనా, మన వినికిడి చాలలేదా అన్నది ముందు తేల్చుకోవాలి.

"పాటలకు చప్పగా ఉంటాయి" అని కుర్రవాడు హెచ్చరించినా ఆ మూడో జతే కొన్నాను. గుసగుసగా చెప్పిన మాటను అచ్చువేయొచ్చా అని ఆమెను అడిగాకే ఇది రాస్తున్నాను.

"అప్పుడే చెప్పినా గదమ్మా" అంది.