వైరాగ్యప్రకరణమున రాముని మౌనము

యోగవాసిష్ఠమునందలి వైరాగ్యప్రకరణమును దత్త్వోపదేశమునకుఁ బీఠికగాఁ జదువుట పండితుల వాడుక. అది యుక్తమే. కాని యందలి కథాసంవిధానమును గూడ విమర్శింపవలసియున్నది.

16 ఏండ్లు నిండని రాముఁడు తీర్థయాత్ర ముగించి వచ్చిన కొన్నాళ్లకుఁ గృశించెను. ఆహారమునందును వినోదములందును విముఖుఁడయ్యెను. తండ్రి తొడపై నిడుకొని యడిగినను దనకు దుఃఖమేమియు లేదని యూరకుండెను. ఆ బాలుఁడే సభలో విశ్వామిత్రుఁ డాదరముతోఁ గారణ మడుగఁగా నోరు విప్పెను. ఆ పలుకులు పెక్కు సర్గలు సాగినవి. నడుమ నెవ్వరును మందలింపలేదు. వసిష్ఠుని బోధ పిదపనే మొదలయ్యెను. వినుట ముందు, చెప్పుట వెనుక: ఇదియే గ్రంథకర్త పాటించిన క్రమము. దీనిఁ దెనిఁగించిన మడికి సింగన వాసిష్ఠరామాయణముఁ బాఠము చెప్పువా రీ క్రమమును గుర్తింపవలెను.

ఇది వైద్యగ్రంథము గాదు. రామునిది రోగమని సాధించుట సాహసము. ఐనను నిట్టి లక్షణములు గల విద్యార్థిని విరాగియని మెచ్చుటయు, సోమరియని దండించుటయుఁ బ్రమాదమే. మానసికవ్యాధులలో సగము 14 ఏండ్లలోపే యంకురించునని ప్రపంచారోగ్యసంస్థ తెలిపినది. కౌమారమునఁ గలుగు దీర్ఘవిషాదమునకు సంభాషణరూపమైన చికిత్స గలదు. అవసరమైనచో వైద్యుని పర్యవేక్షణమున నౌషధమును గలదు. భారతప్రభుత్వము 2022 లో నెలకొల్పిన టెలీ మానస్ వారు 14416 సంఖ్యకు ఫోను చేసినవారికి సలహా నిత్తురు.

ఉపాధ్యాయుఁడు చికిత్సకుఁడు గానక్కఱలేదు. వసిష్ఠునివలె బోధింపఁబూనుటకు ముందు విశ్వామిత్రునివలె నడిగి, సభవలె వినినఁ జాలును.