ముందు లెన్సు, తర్వాతే కెమెరా

హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా ఏ ఆఫీసు క్యాంటీన్‌లో కెమెరా కొనే మాట వచ్చినా అది చివరికి మెగాపిక్సెళ్ల దగ్గరే తేలుతుంది. 24 చాలా, 32 కావాలా, ఏ మోడల్‌కి ఎంత డిస్కౌంటు ఉంది? స్పెసిఫికేషన్లను పట్టికలో పెట్టి పోల్చడం ఇక్కడివాళ్లకి ఉద్యోగం నేర్పిన అలవాటు. ఆ పట్టికలో ఎక్కడా కనిపించని ప్రశ్నలు రెండున్నాయి. మీరు తీయబోయేది ఎంత దూరంలో ఉంటుంది? అక్కడ వెలుతురు ఎంత? ఈ రెండింటికీ జవాబు చెప్పేది లెన్సే. అందుకే బడ్జెట్ ఎంతైనా పెద్ద వాటా లెన్సుకి పోవాలనీ, బాడీ సెకండ్‌హ్యాండ్‌ది అయినా నష్టం లేదనీ నా వాదన. ఒక లెన్సు, ఒక మోస్తరు డీఎస్ఎల్ఆర్‌తో నేర్చుకున్నది తర్వాత ఏ కెమెరా పట్టుకున్నా పనికొస్తుంది.

ఇంజినీర్లు కెమెరా పట్టడం ఈ ఊరికి కొత్తేమీ కాదు. 1844లో పుట్టిన లాలా దీన్‌దయాళ్ రూర్కీలోని థామసన్ కాలేజీలో సివిల్ ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో ఉద్యోగం చేస్తూ ఫోటోగ్రఫీలోకి వచ్చాడు. ఆ తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కి ఆస్థాన ఫోటోగ్రాఫరై సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపాడు. ఆయన వాడినవి గాజు పలకలు. ఐఎస్ఓ పెంచే మీట లేదు, వంద తీసి ఒకటి ఏరుకునే వెసులుబాటూ లేదు. స్టాండు ఎక్కడ పెట్టాలి, ఏ లెన్సు బిగించాలి, ఎండ ఏ వైపున్నప్పుడు తీయాలి? చేతిలో ఉన్న నిర్ణయాలు అవే. ఆ కాలపు పెట్టె కెమెరాలకి ఇంకో సౌకర్యం ఉండేది. కెమెరాని ఎత్తకుండా, ముందున్న లెన్సుని మాత్రం పైకి జరపవచ్చు. దానితో ఎత్తయిన కట్టడాల గోడలు ఫోటోలో నిట్టనిలువుగా నిలిచేవి.

మామూలు డీఎస్ఎల్ఆర్‌కి ఆ సౌకర్యం లేదు. 1998 నవంబరులో వాజ్‌పేయి ప్రారంభించిన సైబర్ టవర్స్‌ని కెమెరాతోపాటు వచ్చే కిట్ లెన్సుతో దగ్గర్నుంచి తీస్తే అది వెనక్కి వాలిపోతున్నట్టు కనిపించడానికి కారణం ఇదే. 18 ఎం.ఎం. దగ్గర భవనమంతా ఫ్రేములో పట్టాలని కెమెరాని పైకి ఎత్తుతాం. గోడలు పైకి వెళ్లేకొద్దీ దగ్గరికొస్తాయి. నింద మాత్రం వైడ్ లెన్సు మీద పడుతుంది. తప్పు ఆ వాలుది. కెమెరాని నేలకి సమాంతరంగా ఉంచి, దూరంగా జరిగి 35 ఎం.ఎం.తో తీస్తే, లేదా ఎదురుగా కాస్త ఎత్తయిన చోటు దొరికితే, గోడలు నిలువుగానే ఉంటాయి. దూరం నుంచి తీసినప్పుడు మెట్రో పిల్లర్లు, హోర్డింగులు, తీగలు కూడా ఫ్రేములో చేరతాయి. ఆ భవనం ఉన్న మాదాపూర్ నిజంగా ఉండేది అలాగే కదా! అద్దాల భవనాల మీది మెరుపు తగ్గించడానికి పోలరైజర్ కొనేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అద్దానికి ఎదురుగా నిలబడితే అది పనిచేయదు. అద్దంతో సుమారు 35 డిగ్రీల కోణం చేస్తూ పక్కవాటంగా చూసినప్పుడే దాని బలం. అద్దం మీద లోహపు పూత ఉంటే, ఇక్కడి చాలా భవనాలకి ఉంటుంది, అదీ సగం పనే.

2020లో తెరిచిన దుర్గం చెరువు కేబుల్ వంతెన ఈ ప్రాంతంలో ఎక్కువమంది రాత్రిపూట ప్రయత్నించే దృశ్యం. అక్కడ బాడీ ఏదన్నది దాదాపు అప్రస్తుతం. ట్రైపాడ్, ఐఎస్ఓ 100, ఎఫ్/8 లేదా ఎఫ్/11, ఓ పది పదిహేను సెకన్లు చాలు. సూర్యుడు అస్తమించిన ఇరవై నిమిషాల ప్రాంతంలో ఆకాశం ఇంకా నీలంగా ఉండగానే తీయాలి. పూర్తిగా చీకటి పడితే కేబుళ్ల రంగు లైట్లు తప్ప ఏమీ మిగలదు. దీపాలు నక్షత్రాల్లా విచ్చుకోవాలని ఎఫ్/22కి వెళ్తే కాంతి చెదిరి ఫోటో మొత్తం మెత్తబడుతుంది. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్సులోని స్టెబిలైజర్ ఆపేయాలి. లైవ్ వ్యూలో పెట్టి రెండు సెకన్ల టైమర్‌తో తీస్తే అద్దం లేచే కుదుపు కూడా ఉండదు. వంతెన మీదే నిలబడి తీస్తే మాత్రం వాహనాల అదురుకి ఏ ట్రైపాడూ ఆగదు. చెరువు గట్టే మేలు.

అసలు పరీక్ష ఇంటి లోపల. ఈ ఐటీ కారిడార్‌లో కెమెరా కొనేవాళ్లు నిజంగా ఎక్కువగా తీసేది పిల్లల పుట్టినరోజులు, సీమంతాలు, టీమ్ డిన్నర్లు. ట్యూబులైటో, ఎల్ఈడీ బల్బులో ఉన్న హాల్లో కిట్ లెన్సుని 55 ఎం.ఎం. దాకా జూమ్ చేస్తే దాని ఎపర్చర్ ఎఫ్/5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. అక్కడే 50 ఎం.ఎం. ఎఫ్/1.8 లెన్సు బిగిస్తే దాదాపు పదింతల కాంతి లోపలికొస్తుంది. ఐఎస్ఓ 6400 అవసరమైన చోట 640తో సరిపోతుంది. కొత్త బాడీ కొన్నా ఇంత తేడా రాదు. పైగా ఇది ఏ కంపెనీలోనైనా చౌకగా దొరికే లెన్సుల్లో ఒకటి. అయితే చిన్న సెన్సర్ బాడీ మీద 50 ఎం.ఎం. దాదాపు 75–80 ఎం.ఎం.లా చూస్తుంది. ముఖాలకి బ్రహ్మాండం కానీ, రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో కేకు చుట్టూ పదిమంది నిలబడితే వెనక గోడకి ఆనుకున్నా అందరూ పట్టరు. అలాంటి ఇంటికి 35 ఎం.ఎం. ఎఫ్/1.8 సరైనది. నికాన్ కొనేవాళ్లకి ఇంకో హెచ్చరిక. డీ3500, డీ5600 లాంటి బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. చవగ్గా వచ్చిందని పాత ఏఎఫ్-డీ లెన్సు తెచ్చుకుంటే చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే. ఏఎఫ్-ఎస్ అని రాసి ఉందో లేదో చూసి కొనాలి.

పక్షుల సంగతి వేరు. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్ చెరువుకి శీతాకాలంలో వెళ్లేవాళ్లకి 300 ఎం.ఎం. కనీస అవసరం. ఎగిరే పక్షికి షట్టర్ 1/1000 కన్నా తగ్గకూడదు.

ఫోన్ ఉండగా ఇదంతా దేనికని అడిగేవాళ్లున్నారు. పగటి వెలుతురులో తీసి, ఫోన్ తెరమీదే చూసి, వాట్సాప్‌లో పంపే ఫోటోకి ఫోన్ చాలు. అక్కడ డీఎస్ఎల్ఆర్ మోయడం దండగే. కానీ వెనక దృశ్యాన్ని ఫోన్ మసకబార్చేది చాలావరకు లెక్కలు కట్టి. జడలోంచి చెదిరిన వెంట్రుకల దగ్గర, జుంకీల అంచుల దగ్గర ఆ లెక్క తప్పుతుంటుంది. లెన్సు ఇచ్చే మసకలో ఆ తప్పుకి చోటు లేదు. రెండో అభ్యంతరం బలమైనది. డీఎస్ఎల్ఆర్ కాలం అయిపోయింది కదా? నిజమే. కెనాన్, నికాన్ రెండూ 2018లో మిర్రర్‌లెస్‌కి కొత్త మౌంట్లు తెచ్చాయి. వాటి చివరి డీఎస్ఎల్ఆర్ మోడళ్లు 2020లో వచ్చినవే. కదిలే కంటిని వెంబడించే ఫోకస్‌లో, వీడియోలో మిర్రర్‌లెస్‌దే పైచేయి. ఆ రెండే మీ పని అయితే నేరుగా దానికే వెళ్లండి. మిగతావాళ్లకి ఈ మార్పే కలిసొచ్చింది. మిర్రర్‌లెస్‌కి మారేవాళ్లు వదిలించుకుంటున్న మంచి బాడీలు చవగ్గా దొరుకుతున్నాయి. డీ3500 ఒక చార్జికి ప్రమాణ పరీక్షలో 1,550 ఫోటోలు ఇస్తుంది. చిన్న మిర్రర్‌లెస్‌లు చాలావాటికి అది మూడు నాలుగు వందలే. కెనాన్ 1987లో తెచ్చిన ఈఎఫ్ మౌంట్ లెన్సు ఇవాళ్టి ఆర్ఎఫ్ మిర్రర్‌లెస్ బాడీ మీద అడాప్టర్‌తో ఆటోఫోకస్ సహా పనిచేస్తుంది. బాడీలు ఎన్ని మారినా లెన్సు మీద పెట్టిన డబ్బు నిలిచిందన్నమాట.

కోఠిలో కొన్నా, ఆన్‌లైన్‌లో పాతది కొన్నా చూడాల్సినవి కొన్నే. బాడీ షట్టర్ కౌంట్ అడగండి. ఎఫ్/16లో తెల్ల గోడని తీసి సెన్సర్ మీద మచ్చలున్నాయేమో చూడండి. లెన్సులోకి వెనకనుంచి ఫోన్ టార్చి వేస్తే సాలెగూడు లాంటి పోగులు కనిపించాయంటే అది ఫంగస్. ఎంత తగ్గించినా తీసుకోవద్దు. మన వానాకాలం తేమలో అది పెరుగుతుందే తప్ప తగ్గదు. కొన్నాక మీ లెన్సుని బీరువాలో తోలు సంచిలో మూసి పెట్టకుండా, సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో ఉంచండి.

ఇప్పటికే కిట్ లెన్సు ఉన్నవాళ్లు కొత్తది ఆర్డర్ చేసేముందు ఒక పని చేయండి. ప్రతి ఫోటో ఫైల్లోనూ అది ఏ ఫోకల్ లెంగ్త్‌లో, ఏ ఐఎస్ఓలో తీసిందో నమోదై ఉంటుంది. గత ఏడాది ఫోటోల వివరాలు బయటికి తీసి ఎక్సెల్‌లో లెక్కపెట్టండి. ఈ ఊళ్లో అది రానివాళ్లు తక్కువ. ఎక్కువ ఫోటోలు 18 దగ్గరుంటే మీకు వైడ్ లెన్సు కావాలి. 55 దగ్గర ఆగిపోతుంటే టెలిఫోటో కావాలి. ఐఎస్ఓ ఎప్పుడూ 3200 దాటుతుంటే ఎఫ్/1.8 లెన్సు కొనండి. ఈ మూడూ కాకపోతే డబ్బు ఉంచుకోండి, మీకు ఉన్న లెన్సే సరిపోతోంది.