విరిగిన బోల్టు తీసేవాడు

పాత కారుకు కొత్త షాక్ అబ్జార్బర్లు ఇంటి దగ్గరే బిగించుకుందామని దిగినవాళ్లకు తరచూ ఎదురయ్యే గండం ఒకటుంది: తుప్పు పట్టిన బోల్టు తల పుటుక్కున ఊడి, మిగతా ముక్క లోపలే ఉండిపోతుంది. స్పానర్‌కు పట్టు దొరకదు. అప్పుడు చూడాలి విజయవాడ ఆటోనగర్ వెల్డరు పనితనం. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేస్తాడు, పక్కనున్న బ్రేకు గొట్టం మీద తడి గోనెపట్టా కప్పుతాడు. ఆ రెండూ మరిచేవాడికి నేనైతే బండి అప్పగించను. విరిగిన ముక్క మీద ఒక నట్టు పెట్టి, దాని రంధ్రంలోంచి వెల్డింగు నింపి రెంటినీ ఒకటి చేస్తాడు. ఆ వేడికే తుప్పు పట్టు సడలుతుంది. ఎరుపు చల్లారేదాకా ఆగి, స్పానర్ వేసి, కాస్త వెనక్కి, కాస్త ముందుకి, బతిమాలుతున్నట్టు తిప్పుతాడు. తొందరపడితే మళ్లీ విరుగుతుంది మరి. కీచుమంటూ కదిలాక నాలుగు చుక్కల నూనె. ముక్క బయటికొచ్చాక ట్యాపుతో లోపలి మరలు శుభ్రం చేసి కొత్త బోల్టు ఎక్కిస్తాడు. బోల్టు ఇరుక్కున్న భాగం మొత్తం మార్చే ఖర్చు తప్పినట్టే. రబ్బరు బుష్షుల బోల్టులకు మాత్రం చివరి బిగింపు ఇంకా ఇవ్వడు. జాకీ దించి, బండి బరువంతా చక్రాల మీద పడ్డాకే ఆ పని. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది.