ముగ్ధ సంగయ్య చూపు, సౌజన్యారావు చూపు

సాహిత్యంలో వేశ్య పాత్ర ఎదురైనప్పుడు విద్యార్థులు సాధారణంగా వేసుకునే మొదటి ప్రశ్న: ఈమె మంచిదా, చెడ్డదా? మగ పాత్రల విషయంలో మనకు అంత తొందర ఉండదు. గిరీశం మోసాలకు నవ్వుకుంటాం, అతని మాటకారితనాన్ని మెచ్చుకుంటాం కూడా. మధురవాణి దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆమెకు నడవడి ధ్రువపత్రం రాయాలనిపిస్తుంది. ఈ పాఠభాగంలో ఆ అలవాటునే పరిశీలిద్దాం.

ముందుగా మాటలను చూడండి. ‘సాని’ ఒకప్పుడు గౌరవవాచకం. జనగామ ప్రాంతంలోని గూడూరు శాసనం కాకతి బేతరాజుకు అండగా నిలిచిన విరియాల కామసానిని ప్రస్తావిస్తుంది. ఆమె సామంత కుటుంబపు స్త్రీ. అదే మాట తర్వాతి కాలంలో ‘సానికొంప’లోకి వచ్చి చేరింది. ‘లంజె’ పాత కావ్యాల్లో వృత్తిని చెప్పే మాట, ఈనాడు తిట్టు. ఆమె దగ్గరకు వెళ్లే మగవాడికి మాత్రం ‘విటుడు’ అని అలంకారశాస్త్రం నుంచి వచ్చిన పేరుంది. ఆ పేరుతో ఎవరినీ ఎవరూ తిట్టరు. పత్రికల్లో దాడుల వార్తలు చదివినప్పుడు ఈ తేడా మీకు కనిపిస్తుంది.

ఇప్పుడు పాలకుర్తికి వద్దాం. నేటి జనగామ జిల్లాలోని ఈ ఊరు పాల్కురికి సోమనాథుని స్వస్థలమని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఆయన ద్విపదలో రాసిన ‘బసవపురాణం’లో ముగ్ధ సంగయ్య కథ ఉంది. సంగయ్యకు లోకం పోకడ తెలియదు. తోటి జంగాలు వేశ్యల ఇళ్లకు వెళ్లడం గమనించి, అదీ భక్తిమార్గంలో ఒక భాగమే అనుకొని, తననూ పంపమని బసవన్నను అడుగుతాడు. బసవన్న పంపుతాడు. అక్కడ వేశ్యను చూసి సంగయ్య ఆమె కూడా ఒక భక్తురాలనే అనుకుంటాడు. ఆమె అలంకారాలన్నీ అతనికి శివభక్తి చిహ్నాలుగానే కనిపిస్తాయి. ఇది ఇలా ఎందుకుంది, అది అలా ఎందుకుంది అని అడుగుతాడు. ఆమె అతణ్ణి ఎగతాళి చేయదు. అతని నమ్మకానికి తగినట్టే జవాబులు చెబుతుంది. ఆ రాత్రి శివపూజతో గడిచిపోతుంది.

ఈ కథను సాధారణంగా సంగయ్య అమాయకత్వానికి ఉదాహరణగా బోధిస్తారు. నిజానికి ఇందులో తెలివి ఆమెది. ఒక పసిమనసును గాయపరచకుండా, ప్రతి ప్రశ్నకూ అప్పటికప్పుడు అర్థం కల్పించి చెప్పడం తేలికైన పనికాదు. కథకు సంగయ్య పేరు నిలిచింది, ఆమె మాత్రం మనకు ‘వేశ్య’గానే మిగిలింది.

మరొక సంగతి కూడా గమనించాలి. సంగయ్య ఆమెను గౌరవించాడు, నిజమే. కాని ఆమె ఎవరో తెలియకనే గౌరవించాడు. తెలిసి ఉంటే ఏమయ్యేది? కథ ఆ ప్రశ్న జోలికి వెళ్లదు. మిండజంగాలను కూడా బసవన్న శివరూపాలుగానే పూజిస్తాడు. ఆ గౌరవం జంగముని వేషానికి దక్కిందే తప్ప, అతను వెళ్లే ఇంటి స్త్రీకి కాదు. భక్తికవుల ఔదార్యం గురించి రాసేటప్పుడు ఈ హద్దును మరచిపోవద్దు.

కథ దాటవేసిన ప్రశ్నను ఎన్నో శతాబ్దాల తర్వాత గురజాడ రంగస్థలం మీద పెట్టాడు. ‘కన్యాశుల్కం’ మొదటిసారి 1892లో విజయనగరంలో ప్రదర్శితమైంది. 1909 నాటి రెండో కూర్పులో మధురవాణి పాత్ర బాగా పెరిగింది. అప్పటికే వేశ్యల నాట్యాన్ని బహిష్కరించాలనే యాంటీ నాచ్ ఉద్యమం సాగుతోంది. వకీలు సౌజన్యారావు ఆ పక్షంవాడు. మధురవాణి మగవేషంలో అతని దగ్గరకు వెళ్తుంది. లుబ్ధావధాన్లను హత్యానేరం నుంచి తప్పించే రహస్యం ఆమె చేతిలో ఉంది. మగవాడనుకున్నంతసేపు సౌజన్యారావు సాటి మనిషితో మాట్లాడినట్టే మాట్లాడతాడు. వేశ్య అని తెలిశాక అతని ధోరణి మారిపోతుంది. ఎదుటి వ్యక్తి బుద్ధి మారలేదు, చేసే సాయమూ మారలేదు. మారింది అతనికి అందిన సమాచారం ఒక్కటే. ఆమె తన సాయానికి ప్రతిఫలంగా ముద్దు అడిగి, అతను సిద్ధపడే సమయానికి తనే వద్దంటుంది. చెడని వాళ్లను చెడగొట్టవద్దని తల్లి చెప్పిన మాటను గుర్తుచేసుకుంటుంది. నియమం పెట్టుకున్నది అతను, దాన్ని నిలబెట్టింది ఆమె.

సౌజన్యారావు ఆమెకు భగవద్గీత ఇవ్వడాన్ని చూసి ‘మధురవాణి ఉద్ధరింపబడింది’ అని రాసే విద్యార్థులు చాలామంది ఉంటారు. ఆ వాక్యం రాసేముందు ఒకసారి ఆగండి. గీత అందుకోకముందే ఆమె ఆ గదిలో అందరికంటే స్పష్టంగా ఆలోచిస్తోంది. ఉద్ధరణ అవసరం ఆమెకంటే సౌజన్యారావుకే ఎక్కువ ఉందేమో!

విమర్శకులూ ఈ దృష్టికి అతీతులు కారు. 18వ శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనం’లోని శృంగారాన్ని తప్పుపట్టేటప్పుడు కందుకూరి వీరేశలింగం ఆమె వేశ్య కావడాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నాడు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని ప్రచురిస్తూ, సిగ్గు అనేది స్త్రీలకే గాని పురుషులకు ఉండనక్కరలేదా అని నిలదీసింది. మరుసటి సంవత్సరమే అశ్లీలమన్న పేరుతో పుస్తకం మీద చర్య మొదలైంది. నిషేధం 1947లో, టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం కాలంలో తొలగింది. మగకవుల ప్రబంధాల్లో అంతకు తక్కువ శృంగారమేమీ లేదు. రచనకు బదులు రచయిత్రి పుట్టుకను విమర్శించడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

ఈ చర్చను పుస్తకాలతో ఆపలేం. హైదరాబాదు–వరంగల్ రహదారి మీది జనగామ, కాజీపేట–విజయవాడ రైలుమార్గంలోని మహబూబాబాద్, బొగ్గుగనుల భూపాలపల్లి, ఇవన్నీ బతుకుదెరువు కోసం జనం వచ్చిపోయే ఊళ్లు. మహానగరంలో ఒక స్త్రీ తన వృత్తిని దాచుకోగలదు. ఒకరి సంగతి ఒకరికి తెలిసే చిన్న పట్టణంలో ఆ వీలు తక్కువ. పేరు బయటపడితే అద్దె ఇల్లు పోతుంది, బడిలో పిల్లలు తలెత్తుకోలేరు, ఆసుపత్రి వరుసలో గుసగుసలు మొదలవుతాయి. బలవంతంగా, మోసంతో ఈ వృత్తిలోకి దించడం ఘోరమైన నేరం. అయితే నేరం చేసినవాడికంటే దానికి బలైన స్త్రీకే ఎక్కువ అవమానం మిగలడం మన తీర్పుల్లోని వింత.

సుప్రీంకోర్టు 2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో ఇచ్చిన ఆదేశాలను ఈ పాఠంతో కలిపి చదవండి. 1999లో కలకత్తాలో ఒక సెక్స్ వర్కర్ హత్యతో మొదలైన కేసు అది. పోలీసులు సెక్స్ వర్కర్లతో మర్యాదగా ప్రవర్తించాలనీ, దాడుల వార్తల్లో వారి గుర్తింపు బయటపడకూడదనీ, తల్లి ఈ వృత్తిలో ఉందన్న ఒక్క కారణంతో బిడ్డను వేరుచేయకూడదనీ కోర్టు చెప్పింది. ఈ గౌరవానికి షరతులేమీ లేవు. ఆమె భక్తురాలై ఉండనక్కరలేదు, గీత చదవనక్కరలేదు, కన్నీళ్లు పెట్టనక్కరలేదు. సంగయ్య తెలియక గౌరవించాడు. సౌజన్యారావు తెలిశాక తడబడ్డాడు. తెలిసిన తర్వాత కూడా గౌరవించమని కోర్టు కోరుతోంది.

‘కన్యాశుల్కం’ చివరి అంకంలో సౌజన్యారావు, మధురవాణిల సంభాషణను మరొకసారి చదవండి. అతని సంబోధన, వాక్యాల తీరు ఎక్కడ మారిందో గుర్తించి పక్కన గీత గీయండి. తర్వాత మీ జిల్లా పత్రికలో వచ్చిన ఒక దాడి వార్తను తీసుకొని, అందులో స్త్రీకి వాడిన మాటలనూ పురుషుడికి వాడిన మాటలనూ రెండు వరుసల్లో రాసి చూడండి.