వ్రాతప్రతి ఎవరి చేతికి? సంస్థానం, సంపాదకుడు, ఏజెంటు

ఈ పాఠం చదువుతున్న మీలో కొందరి పెట్టెల్లో కవితల నోటుబుక్కో, నవల వ్రాతప్రతో ఉండే ఉంటుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు విద్యార్థులు కౌన్సెలింగ్ తరగతుల్లో నన్ను ఎక్కువగా అడిగింది ఛందస్సు గురించి కాదు, "సార్, దీన్ని ఎవరికి పంపాలె?" అని. అది సాహిత్యానికి బయటి ప్రశ్న అనుకుని చాలాకాలం దాటవేశాను. పొరపాటు చేశాను. రచన ఎవరి చేతి మీదుగా పాఠకుడికి చేరుతుందో, దాన్నిబట్టి దాని రూపం కూడా మారుతుంది. ఈ పాఠంలో మనం పరిశీలించేది ఆ సంగతే.

ఇంగ్లీషు ప్రచురణరంగంలో రచయితకూ ప్రచురణకర్తకూ మధ్య లిటరరీ ఏజెంటు ఉంటాడు. 19వ శతాబ్దం చివరి పాతికేళ్లలో లండన్‌లో ఎ. పి. వాట్‌తో ఈ వృత్తి నిలదొక్కుకుంది. ఏజెంటుకు మొదటే మొత్తం ప్రతి పంపరు. ఒక పేజీ ఉత్తరం, కథాసారం, మొదటి కొన్ని అధ్యాయాలు పంపుతారు. నచ్చితే అతను ప్రచురణకర్తను వెతికి, ఒప్పందం కుదిర్చి, రచయితకు వచ్చే సొమ్ములో సాధారణంగా 15 శాతం తీసుకుంటాడు. పుస్తకం అమ్ముడుపోకముందే రుసుము అడిగేవాణ్ణి నమ్మకూడదు. తెలుగులో ఈ వృత్తి వేళ్లూనలేదు. రచయితే అచ్చు ఖర్చు పెట్టుకుని 500 ప్రతులు వేయించుకునే చోట, 15 శాతంతో ఎవరి పొయ్యి వెలుగుతుంది?

అలాగని మనకు మధ్యవర్తులే లేరనుకోకండి.

మన మూడు జిల్లాల నేల సంస్థానాల నేల. గద్వాలను 'విద్వద్గద్వాల' అన్నారు. నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొల్లాపురం జటప్రోలు సంస్థానానికి రాజధాని. ఆ సురభి వంశపు మాధవరాయలు స్వయంగా 'చంద్రికాపరిణయము' రచించిన కవి. ఎలకూచి బాలసరస్వతి భర్తృహరి సుభాషితాలను తెలుగు చేసి 'మల్లభూపాలీయము' పేరుతో సురభి మల్లభూపాలుడికి అంకితమిచ్చాడు. కావ్యాన్ని కన్యగా, అంకితం పొందినవాణ్ణి కృతిపతిగా చెప్పడం మన సంప్రదాయం. ఈ పోలికను అలంకారమనుకుని వదిలేయకండి, ఇందులో లావాదేవీ ఉంది. కవికి సన్మానం, భృతి దక్కితే, ప్రభువుకు శాశ్వతంగా పేరు దక్కింది. కాబట్టే కావ్యం మొదట కృతిపతి వంశవర్ణనకు అన్ని పద్యాలు. నేటి విద్యార్థికి విసుగు పుట్టించే ఆ భాగమే ఆనాటి ఒప్పందపత్రం.

తిరుపతి వేంకటకవులు కోస్తా నుంచి గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు వచ్చారు. రాజదర్శనం కోరుతూ, సభల్లో రాజులను ఉద్దేశించి చెప్పిన పద్యాలు 'నానారాజసందర్శనము'గా పుస్తకమయ్యాయి. ఇక్కడ కొంచెం ఆగండి. ఏజెంటుకు రాసే ఉత్తరాన్ని పని అయ్యాక ఎవరూ దాచుకోరు. వీరి విషయంలో దరఖాస్తే సాహిత్యమైంది. ఎదుట కూర్చున్నవాళ్లు పండితులు, తప్పు దొరికితే అక్కడికక్కడే పట్టుకుంటారు. ఆ భయం పద్యానికి బిగువునిచ్చింది, పొగడ్త దాని విస్తృతిని కుదించింది. రెండింటినీ కలిపి చూస్తేనే విమర్శ. సంస్థానాల పోషణను కీర్తించడంతో సరిపెట్టే వ్యాసాలు మనకు చాలానే ఉన్నాయి. గుమ్మం దాకా రాలేని కవి గురించి అవి మాట్లాడవు.

ఆ కవి కోసం గుమ్మం అవతల నిలబడ్డ మనిషి సురవరం ప్రతాపరెడ్డి. గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు వారిది. 1926లో గోలకొండ పత్రిక స్థాపించారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమన్న మాట వచ్చినప్పుడు, ఆయన వాదనకు దిగకుండా పత్రిక ద్వారా కవుల వివరాలూ పద్యాలూ రప్పించారు. అలా 1934లో 'గోలకొండ కవుల సంచిక' వెలువడింది. అందులో 354 మంది కవులున్నారు. వాళ్లకు కావలసింది ఒక పోస్టుకవరు. రాజదర్శనం అక్కర్లేదు, అంకితం అక్కర్లేదు.

సాహిత్య విలువ దృష్ట్యా ఈ సంచిక ఎత్తుపల్లాలది. పాత బాటలో నడిచే పద్యాలు, ఛందస్సు తప్ప మరేమీ లేనివి ఇందులో తక్కువేం కాదు. కఠినమైన సంపాదకుడు నాలుగో వంతు కూడా ఉంచడు. కానీ 'సున్నా' అన్నవాడికి జవాబు సంఖ్యతోనే చెప్పాలి. ఇరవై మంది ఉత్తమ కవులను ఏరి చూపిస్తే, ఇరవై మందే ఉన్నారు కాబోలు అనేవారు. కనుక ఆ వదులు ఎంపికను నేను లోపంగా కాక ప్రయోజనం కోసం చెల్లించిన మూల్యంగా లెక్కిస్తాను. దీనితో మీరు విభేదించవచ్చు. పరీక్షలో అలా రాసినా, ఆధారాలు చూపితే మార్కులు పోవు.

ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వచ్చింది. జాగీర్లు రద్దయిన ఏడాది కూడా అదే. రాజుల వరుస కాక జనం తిండి, బట్ట, ఆటలు చెప్పిన చరిత్ర అది. కృతిపతి కోసం రాసే రచయిత కలం ఈ పుస్తకం వైపు తిరగడం కష్టం. 1955లో తెలుగుకు దక్కిన తొలి సాహిత్య అకాడమీ పురస్కారం దీనిదే. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు.

మరి నేడు? సంస్థానం లేదు, కవరు పంపితే చదివే ప్రతాపరెడ్డి లేడు, ఏజెంటు రాలేదు. నా పరిశోధనగ్రంథాన్ని ఒక ప్రచురణసంస్థకు పంపి ఎనిమిది నెలలు ఎదురుచూశాను. తిరిగొచ్చిన కట్టకు నేను వేసిన దారం ముడి వేసినట్టే ఉంది. తిరస్కరించినందుకు కాదు, విప్పనందుకు బాధపడ్డాను. సభలో పండితుడు తప్పు పట్టాలన్నా పద్యం వినవలసి వచ్చేది కదా.

ఎవరికి పంపినా ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. ముందుగా సారాంశం, ఒక అధ్యాయం పంపి, మిగతాది అడిగితే పంపండి. అచ్చువేస్తామంటే మాటతో సరిపెట్టుకోకండి. 1957 నాటి కాపీరైటు చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలం పేర్కొనకపోతే బదిలీ అయిదేళ్లకే చెల్లుతుంది, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశానికే పరిమితం. బాలసరస్వతి కావ్యాన్ని ఇచ్చేశాడు. మీరు ఇవ్వడం లేదు, కొంతకాలానికి అప్పగిస్తున్నారంతే.

అభ్యాసం: 'గోలకొండ కవుల సంచిక'లో మీ తాలూకా కవి ఒకరిని ఎంచుకుని, ఆయన పద్యాలను సంపాదకుడిగా మీరు ఉంచుతారో తీసేస్తారో కారణాలతో రెండు పేజీలకు మించకుండా రాయండి.