సినిమా వేడుక, రాజకీయ వేదిక

కొబ్బరికాయ కొట్టిన రోజు నుంచి థియేటర్లో బొమ్మ దిగిపోయేదాకా ఒక తెలుగు సినిమాకు అయిదారు వేడుకలు జరుగుతాయి. ముహూర్తం రోజున దేవుడి పటాల మీద తొలి షాట్ తీస్తారు. ఒకరు క్లాప్ కొడతారు, ఒకరు కెమెరా స్విచాన్ చేస్తారు, మరొకరు తొలి షాట్‌కు గౌరవ దర్శకత్వం వహిస్తారు, ఇంకొకరు దర్శకుడి చేతికి స్క్రిప్టు అందిస్తారు. షూటింగ్ పూర్తయితే గుమ్మడికాయ కొడతారు. ఆ తర్వాత పాటల విడుదల, ట్రైలర్ విడుదల, ప్రీ రిలీజ్ ఈవెంట్, సినిమా ఆడితే సక్సెస్ మీట్. జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్ వాసులకు ఇవన్నీ కలిపి ఒకటే మాట: ఫంక్షన్.

పరిశ్రమ మద్రాసులో ఉన్నప్పుడు ఈ వేడుకల్లో చాలా భాగం అక్కడి స్టూడియోల్లోనే జరిగేవి. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్‌ను ప్రారంభించాక, పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు తోడయ్యాక పని హైదరాబాద్‌లోని ఈ కొండల మీదికి చేరింది. ఫిల్మ్ ఛాంబర్, ఫిల్మ్ నగర్ కల్చరల్ సెంటర్, దైవసన్నిధానం ఆలయం ఒకదానికొకటి దగ్గర్లోనే ఉంటాయి. సినిమా పూజ, విందు, ప్రెస్ మీట్, సంతాప సభ అన్నీ ఈ చుట్టుపక్కలే జరుగుతాయి. జనం ఎక్కువగా వచ్చే కార్యక్రమాలను మాదాపూర్‌లోని శిల్పకళా వేదికలోనో, యూసుఫ్‌గూడ పోలీస్ గ్రౌండ్స్‌లోనో పెడతారు.

ఫంక్షన్‌కు మూలం స్నేహం. ముహూర్తంలో నాలుగు పనులను నలుగురికి పంచడంలోనే ఆ సంగతి తెలుస్తుంది. పాత సినిమాలో కలిసి పనిచేసిన నిర్మాత, తొలి అవకాశమిచ్చిన దర్శకుడు, పక్క వీధిలో ఉండే హీరో వచ్చి తలా ఒక చెయ్యి వేస్తారు. ఈ రోజు అతిథిగా వచ్చినవాళ్ల సినిమాకు రేపు వీళ్లు వెళ్తారు. పెద్ద హీరో వచ్చి నాలుగు మంచి మాటలు చెబితే, ప్రచారానికి డబ్బు లేని చిన్న సినిమా పేరు ఒక్క రోజులో ఊరూరా తెలుస్తుంది. 2021 నవంబర్‌లో బాలకృష్ణ ‘అఖండ’ ప్రీ రిలీజ్ ఈవెంట్‌కు అల్లు అర్జున్ ముఖ్య అతిథిగా వచ్చారు. వేర్వేరు అభిమాన సంఘాలవాళ్లు ఆ సాయంత్రం శిల్పకళా వేదికలో ఒకే కప్పు కింద కూర్చుని చప్పట్లు కొట్టారు. అభిమానుల మధ్య గోడలు కరిగించే శక్తి ఇలాంటి పిలుపులకు ఉంది.

ఈ వేడుక కాలంతో పాటు రూపం మార్చుకుంది. ఒకప్పుడు సంబరమంతా విడుదల తర్వాతే. సినిమా వంద రోజులు ఆడితే శతదినోత్సవం జరిపి నటులకు, సాంకేతిక నిపుణులకు, థియేటర్ యజమానులకు షీల్డులు ఇచ్చేవారు. గెలుపు తేలాక చేసుకునే పండగ అది. క్యాసెట్లు, సీడీలు బాగా అమ్ముడుపోయిన రోజుల్లో ఆడియో ఫంక్షన్ వచ్చింది. 2015 జూన్‌లో తిరుపతిలో జరిగిన ‘బాహుబలి’ పాటల వేడుక ఆ తరహా ఉత్సవాల్లో చాలా పెద్దది. పాటలు ఒక్కొక్కటిగా ఫోన్లలోకి రావడం మొదలయ్యాక ఆడియో ఫంక్షన్ స్థానంలో ప్రీ రిలీజ్ ఈవెంట్ స్థిరపడింది. ఇప్పుడు సినిమా ఒకేసారి వందలాది థియేటర్లలో పడుతుంది, మొదటి మూడు నాలుగు రోజుల వసూళ్లే దాని జాతకాన్ని తేల్చేస్తాయి. అందుకే పండగ గెలుపు తర్వాత కాకుండా గెలుపు కోసం జరుగుతోంది.

ప్రీ రిలీజ్ ఈవెంట్ నడక దాదాపు అన్నిచోట్లా ఒకటే. యాంకర్ ఆహ్వానం, ఎల్‌ఈడీ తెర మీద ఏవీలు, మధ్యలో డ్యాన్సులు. తర్వాత ప్రసంగాలు: ముందు పాటల రచయిత, ఎడిటర్, ఆర్ట్ డైరెక్టర్, కెమెరామన్, ఆ పైన సంగీత దర్శకుడు, హీరోయిన్, నిర్మాత, దర్శకుడు, ముఖ్య అతిథి, చివరగా హీరో. ముందు మాట్లాడేవాళ్లకు దొరికేది రెండు మూడు నిమిషాలు. అప్పటికే హీరో పేరుతో హాలు హోరెత్తుతుంటుంది. ఏ రాత్రి ఏ సెట్ వేశారో, ఏ ఫైట్‌లో ఎవరికి దెబ్బ తగిలిందో, ఏ పాట ఎన్నిసార్లు తిరగరాశారో చెప్పగలిగేది ఆ రెండు మూడు నిమిషాల మనుషులే. మంచి ప్రసంగం పొగడ్తతో సరిపెట్టదు. మనిషి పేరు చెప్పి, ఆ మనిషి చేసిన పని చెబుతుంది. ఫంక్షన్ విలువ అక్కడే ఉంది.

రాజకీయం ఈ వేదికకు కొత్తగా వచ్చిన చుట్టం కాదు. ఎన్టీ రామారావు 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని ప్రకటించినప్పటి నుంచి తెలుగు అభిమానికి హీరో, నాయకుడు వేర్వేరు మనుషులుగా కనిపించడం తగ్గింది. చిరంజీవి 2008లో తిరుపతిలో ప్రజారాజ్యం ప్రారంభించారు. పవన్ కల్యాణ్ 2014 మార్చి 14న హైదరాబాద్‌లో జనసేనను ప్రకటించి, పదేళ్లకు ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి అయ్యారు. బాలకృష్ణ హిందూపురం ఎమ్మెల్యే. ఇలాంటివాళ్లు మైకు పట్టుకుంటే సినిమా మాట ఎక్కడ ఆగిందో, రాజకీయం ఎక్కడ మొదలైందో విడదీయడం కష్టం.

అయితే వ్యక్తుల కన్నా బలమైన కారణం మరొకటి ఉంది. పెద్ద సినిమాకు ప్రభుత్వంతో పని పడుతుంది. ఈవెంట్‌కు పోలీసుల అనుమతి కావాలి. అదనపు ఆటకు, టికెట్ ధర పెంపుకు జీవో కావాలి. తెలంగాణలో 2021 డిసెంబర్‌లో ఇచ్చిన జీవో 120 ప్రకారం జీఎస్టీ కాకుండా ఏసీ థియేటర్లో మామూలు సీటుకు గరిష్ఠ ధర 150 రూపాయలు, మల్టీప్లెక్స్‌లో 250. అంతకు మించి అమ్మాలంటే ఆ సినిమాకు విడిగా అనుమతి తెచ్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్‌లో జీవో 35తో ధరలు తగ్గించినప్పుడు పరిశ్రమ అల్లాడింది. ఆ సెప్టెంబర్‌లో ‘రిపబ్లిక్’ హీరో సాయిధరమ్ తేజ్ రోడ్డు ప్రమాదంలో గాయపడి ఆసుపత్రిలో ఉన్నారు. మేనల్లుడి కోసం ప్రీ రిలీజ్ ఈవెంట్‌కు వచ్చిన పవన్ కల్యాణ్ అప్పటి ప్రభుత్వ టికెట్ విధానాన్ని అదే వేదిక మీద తూర్పారబట్టారు. 2022 ఫిబ్రవరి 10న చిరంజీవి, మహేశ్‌బాబు, ప్రభాస్, రాజమౌళి తాడేపల్లి వెళ్లి అప్పటి ముఖ్యమంత్రి జగన్‌ను కలిశారు. మార్చిలో కొత్త ధరలు వచ్చాయి. తమ సరుకు ధర కోసం పరిశ్రమ ముఖ్యమంత్రి ఇంటి తలుపు తట్టాల్సి వస్తున్నంత కాలం వేదిక మీద నాయకుడికి కుర్చీ వేయక తప్పదు.

యూసుఫ్‌గూడ పోలీస్ గ్రౌండ్స్ ఈ సంబంధానికి మంచి సాక్ష్యం. 2022 ఫిబ్రవరి 23న అక్కడ ‘భీమ్లా నాయక్’ ప్రీ రిలీజ్ ఈవెంట్ జరిగింది, అప్పటి మంత్రి కేటీఆర్ ముఖ్య అతిథి. 2025 అక్టోబర్ 28న అదే మైదానంలో సినీ కార్మికులు తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిని సన్మానించారు. అప్పుడు జూబ్లీ హిల్స్ ఉప ఎన్నిక ప్రచారం నడుస్తోంది. ఆ నియోజకవర్గంలోని కృష్ణానగర్, యూసుఫ్‌గూడ ప్రాంతాల్లో లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టులు, సెట్ వర్కర్ల ఓట్లు తక్కువేమీ కాదు. టికెట్ ధర పెంచితే వచ్చే అదనపు ఆదాయంలో 20 శాతం కార్మికుల సంక్షేమానికి ఇవ్వాలని, అలా అయితేనే పెంపు జీవోలు ఇస్తామని ముఖ్యమంత్రి ప్రకటించారు. నవంబర్ 14న వెలువడిన ఫలితంలో కాంగ్రెస్ అభ్యర్థి నవీన్ యాదవ్ గెలిచారు. ఆ సన్మానానికి రెండు నెలల ముందే, ఆగస్టులో, వేతనాలు 30 శాతం పెంచాలని కార్మికులు రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. రోజుకు 2,000 రూపాయలు, అంతకన్నా తక్కువ పొందేవారికి మూడేళ్లలో విడతలుగా 22.5 శాతం పెంచేందుకు ఒప్పందం కుదిరింది. ఏ ఫంక్షన్ వేదికకైనా మేకు కొట్టేది, లైటు ఎత్తేది ఈ చేతులే. వాళ్ల కూలి మాట ఎన్నికల పూటే కాకుండా ప్రతి ఫంక్షన్‌లోనూ వినపడాలి.

వేదిక మీద నోరు జారితే నష్టపోయేది సినిమా. 2025 ఫిబ్రవరిలో ‘లైలా’ ఈవెంట్‌లో ఒక నటుడు ఒక పార్టీని ఎద్దేవా చేస్తూ మాట్లాడడంతో, ఆ సినిమాను బహిష్కరించాలంటూ సోషల్ మీడియాలో పిలుపులు మోతెక్కాయి. ఆ మాటలతో సంబంధం లేని హీరో విశ్వక్ సేన్ బయటకొచ్చి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. అన్ని పార్టీలవాళ్లూ టికెట్ కొంటేనే సినిమా ఆడుతుంది. పిలిచిన ఇంటి శుభకార్యంలో పగ తీర్చుకోవడం ఏ మర్యాదా కాదు.

అన్నిటికన్నా పెద్ద నష్టం ప్రాణాలది. 2024 సెప్టెంబర్ 22న హైదరాబాద్‌లో ‘దేవర’ ఈవెంట్ హాలు పట్టనంత జనం రావడంతో రద్దయింది. ఆ డిసెంబర్ 4 రాత్రి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సంధ్య థియేటర్లో ‘పుష్ప 2’ ప్రీమియర్ సమయంలో తొక్కిసలాట జరిగి ఒక మహిళ చనిపోయారు, ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడ్డాడు. హీరో అల్లు అర్జున్ అరెస్టు, బెయిలు, అసెంబ్లీలో చర్చ వరసగా నడిచాయి. ఇకపై బెనిఫిట్ షోలకు, ధర పెంపునకు అనుమతి ఉండదని ముఖ్యమంత్రి సభలో చెప్పారు. మరుసటి నెలలోనే ‘గేమ్ ఛేంజర్’కు పెంపు అనుమతి వచ్చింది, హైకోర్టు అభ్యంతరం తర్వాత ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. అదే సినిమా కోసం 2025 జనవరి 4న రాజమహేంద్రవరంలో జరిగిన వేడుక నుంచి ఇంటికి వెళ్తూ ఇద్దరు యువకులు రోడ్డు ప్రమాదంలో మరణించారు. జూన్‌లో తొలి గద్దర్ అవార్డుల సభలో ‘పుష్ప 2’కు ఉత్తమ నటుడి పురస్కారాన్ని అల్లు అర్జున్ రేవంత్ రెడ్డి చేతుల మీదుగానే అందుకున్నారు. పెద్దల మధ్య పొరపొచ్చాలు ఆరు నెలల్లో సర్దుకుంటాయి. పోయిన ప్రాణం ఆ ఇంటికి తిరిగి రాదు.

జూనియర్ ఎన్టీఆర్ ప్రతి ఫంక్షన్‌లోనూ చివరగా అభిమానులను జాగ్రత్తగా ఇంటికి చేరమని కోరతారు. 2009 మార్చిలో తెలుగుదేశం ఎన్నికల ప్రచారం నుంచి తిరిగి వస్తూ సూర్యాపేట దగ్గర ప్రమాదంలో ఆయన గాయపడ్డారు. తర్వాత అన్ననూ, తండ్రినీ రోడ్డు ప్రమాదాల్లోనే పోగొట్టుకున్నారు. అందుకే ఆ మాట లాంఛనంగా వినపడదు. ప్రతి హీరో ఆ మాట చెప్పాలి. మాటతో ఆగకుండా నిర్వాహకులు సీట్లకు మించి పాసులు పంచకూడదు. వాహనాలకు చోటు, బయటికి పోయే దారి, అంబులెన్సు ముందే చూసుకోవాలి, అర్ధరాత్రి దాకా లాగకుండా కార్యక్రమం ముగించాలి.

ప్రభుత్వాలు చేయాల్సింది ఇంకా తేలిక. టికెట్ ధర, అదనపు ఆట, కార్మికుల వాటా అన్ని సినిమాలకూ ఒకే నిబంధనతో ముందే రాసి పెట్టాలి. సినిమాకో జీవో పద్ధతి పోతే నిర్మాత ఎవరి దయ కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. నాయకులు వేదికెక్కినా మిత్రులుగానే వస్తారు, మైకు పనిచేసినవాళ్లకు మిగులుతుంది. అభిమానులు కూడా ఒక్కటి గుర్తుంచుకోవాలి: హీరోను ఏ తెర మీదైనా చూడవచ్చు, ఇంట్లో ఎదురుచూసేవాళ్లకు మాత్రం మీరు ఒక్కరే. క్షేమంగా ఇల్లు చేరండి.