నేల క్లాసు నుంచి చూస్తే

తెలుగు సినిమా గురించి రాసే పెద్దమనుషులు ఒక మాట పదేపదే రాస్తారు. గుళ్ళోకి రానివ్వనోళ్ళు, హోటల్లో వేరే గ్లాసు పెట్టినోళ్ళు కూడా సినిమా హాల్లో మాత్రం మనతో కలిసి కూచున్నారంట. చీకట్లో కులం పోయిందంట. ఈ మాట రాసినోళ్ళెవరూ నేల క్లాసులో కూచున్నోళ్ళు కాదని నాకు గట్టి అనుమానం. కూచునుంటే ఒక్కసారైనా తల తిప్పి వెనక్కి చూసుండేవాళ్ళు.

మా ఊరి హాలు టూరింగ్ టాకీసు. గుంటూరు జిల్లా డెల్టాలో 1970లలో రెండు మూడు ఊళ్ళకి కలిపి అలాంటిది ఒకటి ఉండేది. పైన తాటాకు, చుట్టూ తడికెలు, ఒకటే ప్రొజెక్టరు. ఘంటసాల పాడిన వెంకటేశ్వరుడి పాట రికార్డు మైకులో వేస్తే ఆట మొదలవబోతోందని గుర్తు. గుళ్ళోకి పోలేని మా మాలపల్లె పిల్లలం దేవుడి పాట వినపడగానే హాలుకి పరిగెత్తేవాళ్ళం. తెర ముందు ఇసక, అది నేల. దానెనక బెంచీలు, ఆ వెనక కుర్చీలు. ఒకటే ప్రొజెక్టరు కాబట్టి రీలు మార్చినప్పుడల్లా లైటేసేవాళ్ళు. అసలు సంగతంతా ఆ లైట్లోనే ఉంది. ఒక్క సినిమాలో మూడు నాలుగు సార్లు ఎవరెక్కడ కూచున్నారో ఊరందరికీ కనపడేది.

టిక్కెట్టు మీద కులం రాసుండదు, నిజమే. వినోద స్థలాల్లోకి రాకుండా అడ్డుకుంటే నేరమని 1955లో చట్టం కూడా వచ్చింది. మమ్మల్నెవరూ అడ్డుకోలేదు. కూలి డబ్బులు నేలకే సరిపోయేవి, అంతే. డబ్బున్నా సంగతి మారదని మాత్రం మా బాబాయి వల్ల తెలిసింది.

బాబాయి రైల్వేలో గ్యాంగుమనిషి. సెలవుకొచ్చి నన్ను బెంచీకి తీసకపోయాడు. మొదటి రీలయి లైటేసేసరికి ఆ బెంచీ మీద మేమిద్దరమే మిగిలున్నాం. ఎవరూ ఒక్క మాటన్లేదు. చీకట్లోనే లేచిపోయి తడికెకి ఆనుకుని నిలబడ్డారు. టిక్కెట్లు చింపే మనిషొచ్చి, మేలు చేసేవాడిలాగా, “ముందుకి పోరాదంటరా, బాగా కనపడుద్ది” అన్నాడు. బాబాయి లేవలా. “నా కళ్ళు బానే ఉన్నయన్నా, ఇక్కణ్ణించే కనపడతంది” అన్నాడు. మర్నాడు పొద్దున్నే మా అయ్యని ఆసామి పిలిచి, “మీ తమ్ముడికి కళ్ళు నెత్తికెక్కినయ్యంటగా” అని అడిగాడు. తర్వాత బాబాయి ఎప్పుడు సెలవుకొచ్చినా సినిమాకి తెనాలి పోయేవాడు. తెనాల్లో వాడెవడో ఎవరికీ తెలవదు గదా!

ఇది సీట్ల సంగతి. తెర సంగతి ఇంతకన్నా చిక్కు.

1977లో ‘దాన వీర శూర కర్ణ’ వచ్చింది. ఎన్టీ రామారావు తనే తీసి, కర్ణుడూ దుర్యోధనుడూ కృష్ణుడూ తనే వేశాడు. మాటలు కొండవీటి వెంకటకవివి. కర్ణుడి కులం అడిగిన పెద్దల్ని దుర్యోధనుడు నిండు సభలో నిలదీసే మాటలు మా పల్లెలో అక్షరమ్ముక్క రానోడికి కూడా కంఠతా వచ్చేవి. కలుపు కాడ, గేదెల కాడ అవే. ఆ సీనుకి నేల క్లాసు ఈలలేసి ఇసక ఎగజల్లింది. వెనక బెంచీలూ కుర్చీలూ కూడా అంతే గట్టిగా చప్పట్లు కొట్టాయి. బెంచీ ఖాళీ చేసి లేచిపోయిన మనుషులే కులమేంటని అడగడం తప్పనే డైలాగుకి చేతులు నొప్పి పుట్టేలా కొట్టారు. ఇందులో దొంగతనమేమీ లేదు. వాళ్ళు నిజంగానే పొంగిపోయారు. వాళ్ళ చెవికి కులమంటే తమ మీదున్న మెట్టు, బాపన మెట్టు. తమ కిందున్న మెట్టు ఆ మాటల్లో వాళ్ళకి వినపడలా. ఒకే డైలాగు బెంచీ మీద ఒకలాగ, నేల మీద ఒకలాగ వినపడింది. దాన్ని సామాజిక విప్లవ సంభాషణ అని మెచ్చుకునే విమర్శకులు ఏ క్లాసులో కూచుని విన్నారో కూడా చెప్పాలి. ఇంకోటి. కర్ణుడు చివరికి కుంతి కొడుకు. నిజంగానే సూతుడి కొడుకయితే అంత కథ నడిచేదా? అదే భారతంలో ఏకలవ్యుడి బొటనవేలు తెగినప్పుడు నిలదీసిన రారాజెవడూ లేడు.

మాయమ్మకి చదువు రాదు గానీ మా ఇంట్లో మొదటి విమర్శకురాలు ఆమే. ‘లవకుశ’ 1963 సినిమా అయినా మా హాలుకి మళ్ళీ మళ్ళీ వచ్చేది. అడ్డగోడకి అటు ఆడోళ్ళ నేలలో అందరూ సీతమ్మకి ఏడుస్తుంటే ఆమె ఇంటికొచ్చి, “ఊరంతా అనుకున్న మాట చాకలోడి నోట్లో పెట్టార్రా” అంది. రేలంగి చాకలి వేషానికి నవ్వుకుని వచ్చిన నాకు అప్పుడర్థం కాలేదు. ఇన్నేళ్ళలో ఆ సినిమా మీద అంతకన్నా మంచి విమర్శ నేను చదవలేదు.

‘సప్తపది’ వచ్చింది 1981లో. బ్రాహ్మణ పిల్ల, హరిజన కుర్రాడు. కె. విశ్వనాథ్ సాహసం చేశాడని అన్నారు, కొంత సాహసమే. కాదన్ను. కానీ చూడండి, ఆ కుర్రాడి చేతిలో ఉన్నది పిల్లనగ్రోవి. డప్పు కాదు. డప్పు పట్టుకుంటే ఆ పిల్ల ప్రేమించేదో లేదో తర్వాత సంగతి, ప్రేక్షకులు ఒప్పుకుంటారని దర్శకుడికే నమ్మకం లేదు. పైగా పిల్లని అతనికి అప్పజెప్పాలని తేల్చింది పూజారి మొగుడూ తాతా. బాపనోళ్ళ మనసు ఎంత గొప్పదో తేలడానికి మనవాడు సందు దొరికించాడు, అంతవరకే.

అలాగని నేను హాలుని తిట్టిపొయ్యడం లేదు. గుళ్ళో లేని చోటు, కింద ఇసకలోనైనా, అక్కడ దొరికింది. మా పిల్లలు చదువుకుని, ఉద్యోగాలొచ్చి, కుర్చీ టిక్కెట్టు కొనడం మొదలెట్టాక హాలు ఇంకోలా తయారయింది. 1991 జులైలో చుండూరు గొడవ రాజుకున్నది సినిమా హాల్లోనే. చదువుకున్న దళిత కుర్రాడి కాలు ఒక రెడ్ల కుర్రాడికి తగిలింది. అంతే. తర్వాత సాంఘిక బహిష్కరణ, పనులు బందు. ఆగస్టు 6న పోలీసులుండగానే తరిమి తరిమి ఎనిమిది మందిని నరికి, గోతాల్లో కుట్టి కాలవలో పడేశారు. చీకట్లో కులం పోయిందని రాసినోళ్ళు ఆ కాలు ఏ చీకట్లో తగిలిందో రాయలేదు. సీటు సమానమైన చోటే కాలు నేరమయింది. మా బాబాయి నాడు లేచి నిలబడ్డారు, చుండూరులో కత్తులు పట్టారు. ఈ రెంటికీ మధ్య జరిగింది మనవాళ్ళు నేల నుంచి లేవడం.

ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో ఇరవై ఒక్క మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. నేను చదివిన తెలుగు సినిమా చరిత్రల్లో మొదటి టాకీ ఎప్పుడు, మొదటి రంగుల సినిమా ఏది, ఏ హాల్లో ఎన్ని రోజులాడింది, అన్నీ ఉన్నాయి. చుండూరు హాలు లేదు.